రాత్రి పూట పొగ కనపడదు కదా టీచర్?

సోషల్ టీచర్
అందరికీ నమస్కారం. నిన్న ఎనిమిదో తరగతిలో పాతకాలం చైనా సరిహద్దు బురుజుల గురించి చెబుతూ, శత్రువు వస్తే పొగ పెట్టి కబురు పంపేవాళ్లని అన్నాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "రాత్రి పొగ కనపడదు కదా టీచర్? పదిమంది వచ్చారో వెయ్యిమంది వచ్చారో పొగ ఎలా చెబుతుంది?" అన్నాడు. రేపు చెబుతానని కూర్చోబెట్టాను. రాణిని నవ్వించడానికి యౌ రాజు ఉత్తుత్తి మంటలు వెలిగించిన కథ తప్ప నాకు ఇంకేమీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

చరిత్ర విద్యార్థి
మేడమ్, ఆ కథని చరిత్రగా చెప్పకండి. యౌ రాజు చనిపోయింది క్రీ.పూ. 771లో. మంటల కథని రాసిన చరిత్రకారుడు సిమా చియెన్ ఆరు వందల ఏళ్ల తర్వాతివాడు. 2008లో చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి చేరిన వెదురు పలకల్లో ఇదే సంగతి వేరేగా ఉంది. రాజే షెన్ రాజ్యం మీదికి దండెత్తాడట, జెంగ్ అనే మరో రాజ్యం వాళ్లు రోంగ్ తెగతో కలిసి అతన్ని చంపారట. ఉత్తుత్తి మంటల ఊసే లేదు.

పాత పోస్టుమాస్టర్
టీచరమ్మా, మీ పిల్లవాడు అడగాల్సిందే అడిగాడు. నేను ముప్పై ఏళ్లు తపాలా పనిలో ఉన్నాను. రిటైరయ్యాక ఈ చైనా టపా గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

దున్‌హువాంగ్, జూయెన్ వైపు, అంటే చైనా వాయవ్య సరిహద్దున, ఎడారి బురుజుల దగ్గర రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలపు చెక్క పలకలు వేలకొద్దీ దొరికాయి. మంటలు ఎలా వెయ్యాలో చెప్పే నియమాలు వాటిలో ఉన్నాయి. పగలైతే గుడ్డతో చేసిన గుర్తుని పొడవాటి కర్ర మీదికి లాగేవాళ్లు, పొగ పెట్టేవాళ్లు. రాత్రయితే కాగడాలు. ఇవి కాక బురుజు బయట పేర్చి ఉంచిన రెల్లు, పుల్లల మోపులు. శత్రువు ఒక్కడు సరిహద్దు దాటినా ఒక మోపు తగలబెట్టి, పగలు రెండు గుర్తులు, రాత్రి రెండు కాగడాలు ఎత్తాలి. ఐదు వందల మంది పైన కనపడినా, బురుజు మీదికే వచ్చి పడినా, మూడు. లెక్క ముందే ఒప్పుకున్నది, కాబట్టి పక్క బురుజువాడు గుర్తులు చూస్తే చాలు, అడగక్కర్లేదు.

నన్ను బాగా పట్టేసిన నియమం ఇంకొకటి. శత్రువు బురుజుని చుట్టుముడితే బయటి మోపు దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. అప్పుడు లోపలివాళ్లు పైన గుర్తు మాత్రం ఎత్తాలి, అది చూసి తర్వాతి బురుజువాళ్లు తమ మోపు తగలబెట్టాలి. ఇది గదిలో కూర్చుని ఊహించింది కాదు, ఎవరో అలా చిక్కుకుపోయాకే రాసి ఉంటారని నాకు అనిపిస్తుంది. పెద్ద గాలో వానో వచ్చి మంట నిలవకపోతే, రాసిన పలకని మనిషికి ఇచ్చి పరుగెత్తించాలి, గుర్రాన్ని దౌడు తీయించాలి. 1907లో పురాతత్వ పరిశోధకుడు ఆరెల్ స్టెయిన్ దున్‌హువాంగ్ దగ్గర తిరిగినప్పుడు ఆ మోపులు కొన్ని పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

మంట చెప్పగలిగింది అంతే, మిగతాదంతా టపా మోయాలి. హుబెయ్‌లోని జాంగ్‌జియాషాన్ సమాధిలో దొరికిన క్రీ.పూ. 186 నాటి చట్టం ప్రకారం మామూలుగా పది లీలకు ఒక టపా మజిలీ, అంటే దాదాపు నాలుగు కిలోమీటర్లకు ఒకటి. ఒక పగలూ రాత్రీ కలిపి రెండు వందల లీలు నడవాలి, మన లెక్కలో ఎనభై కిలోమీటర్ల పైమాటే. సగం రోజు ఆలస్యమైతే యాభై దెబ్బలు, రోజు దాకా అయితే వంద, రోజు దాటితే జరిమానా.

హాన్ రాజులకు ముందరి చిన్ రాజ్యపు చట్టం 1975లో షుయ్‌హుదీ సమాధిలో బయటపడింది. అత్యవసరమైనది అందగానే పంపాలి, మిగతాది ఆ రోజు దాటనివ్వకూడదు. పంపిన రోజు, వేళ, అందిన రోజు, వేళ రాసి తీరాలి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రోజూ పొద్దున్నే ముద్రలో తేదీ మార్చి, కాగితం మీద ఒకసారి కొట్టి సరిచూసుకుని పని మొదలుపెట్టేవాణ్ని. ఆ పనే కదా ఇది!

సోషల్ టీచర్
మాస్టారూ, చాలా థాంక్స్. మరి మామూలు మనుషులు కూడా ఆ టపాలో ఉత్తరాలు వేసుకునేవాళ్లా?

పాత పోస్టుమాస్టర్
లేదమ్మా, అది సర్కారు టపా. మామూలువాడి ఉత్తరం ఆ దారిన పోయే తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపుకోవాల్సిందే.

షుయ్‌హుదీలోనే మరో సమాధిలో రెండు చెక్క ఉత్తరాలు దొరికాయి. హెయ్‌ఫూ, జింగ్ అనే అన్నదమ్ములు చిన్ సైన్యంలో యుద్ధానికి వెళ్లి, ఇంటి దగ్గరున్న సోదరుడు జోంగ్‌కు రాసినవి, దాదాపు క్రీ.పూ. 223లో. అమ్మ బాగుందా అని అడుగుతారు. బట్టలు, డబ్బు పంపమంటారు. జింగ్ అయితే ఐదారు వందల నాణేలు, మంచి గుడ్డ అడిగి, పంపకపోతే చచ్చిపోతానని రాసి, చివర "త్వరగా, త్వరగా, త్వరగా" అన్నాడు.

ఉత్తరం చేరింది. అవి దొరికింది జోంగ్‌దిగా భావిస్తున్న సమాధిలోనే. ఇది కూడా మీ పిల్లలకు చెప్పండమ్మా.