పలాస జీడి కూలిని గంట లెక్కలోకి మార్చేదెలా?

పలాస జీడి పరిశ్రమలో ఆడ, మగ కూలీల సంపాదన తేడాను ఇతర దేశాల అంకెల పక్కన పెట్టి చూడాలి. గణాంకాలు తెలిసినవాళ్లు దారి చూపండి.

కిలో లెక్కన పిక్కలు కొట్టే ఆడవాళ్ల కూలి, రోజు లెక్కన బాయిలర్ దగ్గర చేసే మగవాళ్ల కూలి నేరుగా పోల్చలేం. అంతర్జాతీయ కార్మిక సంస్థ పోల్చేది గంట వేతనాన్ని. వారం కూలిని పని గంటలతో భాగించవచ్చు, కానీ ఏవి పని గంటలు? పిక్క నూనెకు చర్మం కాలకుండా చేతులకు బూడిద రాసుకునే సమయం, తూకం దగ్గర నిలబడే సమయం వదిలేస్తే ఆడవాళ్ల గంట కూలి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కలపడమే న్యాయం అనుకుంటున్నాను. బద్దలైన పప్పుకు వేసే కోతను కూలిలోంచి తీసేయాలా, విడిగా చూపాలా?

ఆడ, మగ మధ్య అంతరాలపై ప్రపంచ ఆర్థిక వేదిక ఇచ్చిన 2025 నివేదికలో 148 దేశాల్లో మనది 131వ స్థానం. అందులో ఒకే తరహా పనికి వేతన సమానత్వం అనే అంశం కంపెనీల పెద్దల అభిప్రాయ సర్వే మీద ఆధారపడుతుంది, కూలి చీటీల మీద కాదు. అందుకే దాన్ని వాడటం లేదు.

ఇంకొకటి. నా లెక్కలో ఉన్నది 40 మంది కూలీలే. వాళ్లను వయసు, చదువు, పని రకం వారీగా విడదీస్తే ఒక్కో గడిలో ఇద్దరు ముగ్గురే మిగులుతారు. అప్పుడు సగటు కన్నా మధ్యస్థం (వరుసగా పేర్చితే నడిమిన వచ్చే విలువ) నయమా, లేక గుంపులే తగ్గించాలా?