చర్చ: భయం పోవాలంటే పాత గాయాన్ని తవ్వాలా?

వేపచెట్టు:
నాకు 7 ఏళ్లప్పుడు మా ఊళ్లో పిచ్చికుక్క కరిచింది. అప్పట్లో దానికి బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున 14 సూదులు వేసేవారు. నాన్న నన్ను సైకిల్ మీద పొరుగూరి ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు నాకు 42 ఏళ్లు. వీధి మలుపులో కుక్క కనిపిస్తే చాలు, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కాళ్లు కదలవు. పాల ప్యాకెట్ కోసం రెండు వీధులు చుట్టి వెళ్తాను.

మొన్న పక్కింటివారి కుక్కపిల్లను చూసి మా 5 ఏళ్ల పాప నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తననెప్పుడూ ఏ కుక్కా కరవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక సైకాలజిస్టును కలిశాను. జరిగిందాన్ని తవ్వుకోనవసరం లేదని, మెల్లగా కుక్కలకు అలవాటు పడితే చాలని అన్నారు. మా బావగారు మాత్రం వేరు వదిలేసి కొమ్మలు నరికితే మళ్లీ చిగురిస్తాయని అంటున్నారు. ఎవరి మాట వినాలి?

మల్లెపందిరి:
మీ బావగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. 9 ఏళ్ల వయసులో బడిలో ఒక టీచరు నన్ను సామాన్ల గదిలో పెట్టి తలుపు గడియ వేశారు. సాయంత్రం బడి వదిలేదాకా ఎవరూ తియ్యలేదు. పెద్దయ్యాక లిఫ్ట్ ఎక్కలేకపోయాను. అలవాటు చేసుకుంటే పోతుందని ఎవరో చెబితే మా వారితో కలిసి నెల రోజులు పట్టుదలగా ఎక్కాను. భయం తగ్గలేదు సరికదా, రాత్రుళ్లు ఆ గది కలలోకి రావడం మొదలైంది. పగలు కూడా ఉన్నట్టుండి ఆ చీకటి, ఆ సున్నం వాసన చుట్టుముట్టేవి. తర్వాత మరొక డాక్టరు ఆ రోజు జరిగినదంతా మొదటి నుంచి చివరి దాకా నాచేత చెప్పించారు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. అప్పుడు గానీ నాకు లిఫ్ట్ లిఫ్ట్‌లా కనిపించలేదు. గాయాన్ని ముట్టుకోకుండా భయం పోతుందంటే నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం:
అసలు దీన్ని రోగం అనడమే నాకు నచ్చలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో 4 ఏళ్ల పిల్లవాడు చనిపోయాడు. అలాంటి చోట బతుకుతున్న మనిషికి కుక్కంటే భయం ఉండకూడదా? ఆ భయం తీసేస్తే రేపు ఏమైనా జరిగినప్పుడు ఎవరు జవాబుదారీ?

రేవుపడవ:
చాలా ఏళ్లుగా ఇలాంటి భయాలకు చికిత్స చేసే వృత్తిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మల్లెపందిరి గారూ, మీకు దొరికిన దారి సరైనదే. కానీ మీరు చెప్పే పీడకలలు, మెలకువలోనే ఆ గది కమ్ముకురావడం వట్టి ఫోబియాలో ఉండేవి కావు. వాటిని చూస్తే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తాలూకు జ్ఞాపకం వదలకుండా వెంటాడే జబ్బు, ఉందేమో అని ముందుగా అడుగుతాం. అక్కడ మనిషిని వేధించేది జ్ఞాపకమే. అందుకే మీ డాక్టరు లిఫ్ట్‌ను పక్కన పెట్టి ముందు జ్ఞాపకం దగ్గరికి వెళ్లారు. మీ అనుభవాన్ని ఫోబియాలన్నిటికీ వర్తింపజేయడం దగ్గరే నాకు పేచీ.

1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 11 నెలల పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనక ఇనుప కడ్డీని సుత్తితో మోగించారు. కొన్నిసార్లు అలా చేసేసరికి, అంతకుముందు ఎలుకతో ఆడుకున్న బిడ్డ దాన్ని చూస్తేనే ఏడవసాగాడు. కుందేలును, కుక్కను చూసినా ఏడ్చాడు. ఆ భయాన్ని పోగొట్టకుండానే వాడిని పంపించేశారు. ఈ ప్రయోగం గురించి ఎప్పుడు చదివినా నాకు మనసు కలుక్కుమంటుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే యువ పరిశోధకురాలు దానికి ఎదురు పని చేసింది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా పంజరంలోని కుందేలును దూరంగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ దగ్గరికి జరిపింది. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా వాడు నవ్వుతూ ఉన్నాడు. పీటర్‌కు ఆ భయం ఎక్కడ పట్టుకుందో ఆమెకు తెలియదు. తెలియకపోయినా పోయింది.

అసలు దెబ్బ తగిలిన ప్రతివారికీ భయం పట్టుకోదు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో పిల్లలను పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు పడి గట్టి దెబ్బలు తగిలినవారిలో 18 ఏళ్లకు ఎత్తుల భయం ఎక్కువేమీ కనిపించలేదు. భయాన్ని పెంచి పోషించేది తప్పించుకోవడం. వేపచెట్టు గారు వీధి చుట్టి వెళ్లిన ప్రతిసారీ హమ్మయ్య అనిపిస్తుంది కదా, ఆ ఊరటే మెదడుకు మళ్లీ మళ్లీ పాఠం చెబుతుంది, ఆ వీధిలో వెళ్లి ఉంటే ప్రాణం పోయేదని. అందుకే బొమ్మతో మొదలుపెట్టి, వీడియో, దూరంగా కట్టేసిన కుక్క, ఆపైన దగ్గరగా, ఇలా మెట్టు మెట్టుగా వెళ్తాం. ప్రతి మెట్టు మీదా భయం దానంతట అది దిగేదాకా ఆగాలి, మధ్యలో పారిపోకూడదు. స్వీడన్‌లో ఓస్ట్ అనే సైకాలజిస్టు దీన్నే ఒకే విడతలో, 3 గంటలలోపు చేయించే పద్ధతిని రూపొందించారు. పాత జ్ఞాపకం చెరిగిపోదు, దాని మీద కొత్తది ఏర్పడుతుంది. కాబట్టి ఒకే కుక్కతో, ఒకే పెరట్లో ఆపకూడదు.

కృష్ణాతీరం గారూ, గుంపుగా మీదికొచ్చే కుక్కలను చూసి జాగ్రత్తపడటం భయరోగం కాదు, దాన్ని తీసెయ్యాలని ఎవరూ అనరు. గొలుసుతో కట్టి ఉన్న కుక్కపిల్లకూ ఆ గుంపుకూ తేడా తెలియకపోవడమే రోగం.

ఇక పాప సంగతి. సూజన్ మినెకా అనే సైకాలజిస్టు చేసిన పరిశోధనలో, ప్రయోగశాలలో పెరిగిన కోతులు పాములను చూసి బెదరలేదు. కానీ తోటి కోతులు బెదరడం చూశాక అవీ భయం నేర్చుకున్నాయి. ముందుగా, భయపడని కోతులను చూపిస్తే మాత్రం అంత తేలిగ్గా నేర్చుకోలేదు. కాబట్టి కుక్కలతో హాయిగా ఉండేవారి పక్కన పాపను ఎక్కువగా ఉండనివ్వండి.

వేపచెట్టు గారిని ఒకటి అడగాలి. కుక్కను చూడగానే మీ కళ్ల ముందు మెదిలేది దాని కోరలేనా?

మల్లెపందిరి:
అంటే మూలం అక్కర్లేదంటూనే మీరూ దాన్నే అడుగుతున్నారు కదా!

రేవుపడవ:
నిజమే, అడుగుతున్నాను. ఆయన దేనికి భయపడుతున్నారో తెలియకపోతే ఏ మెట్టు ఎక్కించాలో నాకెలా తెలుస్తుంది? నా అభ్యంతరం తవ్వడమే వైద్యమని అనుకోవడం మీద.

వేపచెట్టు:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. కోరలు కాదు. స్టీలు డబ్బాలో మరిగిన నీళ్లలోంచి తీసే గాజు సిరంజి. నన్ను కదలకుండా పట్టుకున్న నాన్న చేతులు. ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవారు. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు. రక్త పరీక్షను ఏళ్ల తరబడి ఎందుకు వాయిదా వేస్తున్నానో ఇప్పుడు అర్థమైంది.

శనివారం సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను, సిరంజి సంగతి కూడా చెబుతాను. పీడకలలు రావడం లేదు. నిన్న ఫోనులో కుక్క బొమ్మను 10 నిమిషాలు చూశాను. సాయంత్రం మా ఆవిడ పాపను పక్కింటికి తీసుకెళ్లింది. నేను మా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, ఇంట్లోకి వచ్చేయలేదు.