1996 బరోలో: మధ్యాహ్నమే తీసి గాలి తగలనివ్వాలా, తాగేముందే తీయాలా?

చలిమర
సీసా వివరాలు ముందే చెప్పేస్తాను. సెర్రలుంగా దాల్బా గ్రామపు ద్రాక్షతో పాత పద్ధతిలో చేసిన 1996 బరోలో, ఇటలీ రెడ్ వైన్. పెద్ద స్లావోనియన్ ఓక్ పీపాల్లో ఉంచినదే, చిన్న బారిక్‌ల్లో కాదు. ఆల్బాలో ఒక సెల్లార్ నుంచి కొన్నది, విమానంలో హైదరాబాద్ వచ్చింది. ఆరు వారాలుగా 13 డిగ్రీల వైన్ ఫ్రిజ్‌లో పడుకోబెట్టి ఉంది. మట్టం బిరడాకి 3 సెంటీమీటర్లు కింద. శనివారం రాత్రి 8కి ఆరుగురికి పోయాలి.

ఒకరేమో నాలుగు గంటలు డికాంటర్‌లో (వైన్ వంపి ఉంచే గాజు కూజా) ఉంచాల్సిందే అంటున్నారు. ఇంకొకరు ముప్పై ఏళ్ల వైన్‌కి గాలి తగిలితే గంటలో ప్రాణం పోతుందంటున్నారు. ఎటువైపు వాళ్లయినా సరే, కారణం కూడా చెప్పండి.

పాత పీపా
రెండో సలహా ఇచ్చినాయన పాత రెడ్ వైన్లన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్ష దగ్గర ఈ పొరపాటు రంగుతోనే మొదలవుతుంది. ఈ ద్రాక్ష రంగు పుట్టుకతోనే పలచన. ఇందులో రంగునిచ్చే ఆంథోసయనిన్లలో ఎక్కువ భాగం సయనిడిన్, పియొనిడిన్ రకాలు, అవి ఆక్సిజన్‌కి తొందరగా లొంగుతాయి. పదేళ్లు నిండేసరికే గ్లాసు అంచు ఇటుక రంగుకి తిరగడం అందుకే. అది చూసి వైన్ ముసలిదైపోయింది అనుకుంటారు. లోపల పులుపు, వగరు మాత్రం చెక్కుచెదరవు.

1996 అయితే మరీను. నిదానంగా పండిన ఏడు, పులుపు పదునుగా నిలిచింది. పైగా బరోలో మండలంలోని 11 గ్రామాల్లో సెర్రలుంగా వైన్లకి గట్టి టానిన్ (వగరునిచ్చే పదార్థం) అని పేరు. ఇలాంటి సీసాని 8కి తీసి 8:05కి పోస్తే మొదటి గ్లాసులో తారు, ఇనుము, కరక్కాయ తప్ప ఏమీ దొరకదు. అసలు పరిమళం చివరి గుక్కలో వస్తుంది, అప్పటికి సీసా ఖాళీ.

నా లెక్క: మధ్యాహ్నం 2కి బిరడా తీయండి, 5కి డికాంటర్‌లోకి వంపండి, 8కి పోయండి.

వగరు పిందె
పాత పీపా గారూ, రంగు సంగతి ఒప్పుకుంటాను. అక్కడి నుంచి మీరు వేసిన దూకుడు ఒప్పుకోను.

డికాంటింగ్ అనే ఒక్క మాట కింద రెండు పనులు దాక్కున్నాయి. ఒకటి, మడ్డి నుంచి తేట వంపడం. రెండు, గాలి పట్టించడం. ముప్పై ఏళ్ల బరోలోకి మొదటిది తప్పనిసరి. రెండోది అవసరమో కాదో సీసా తీశాకే తెలుస్తుంది. ఫ్రెంచ్ వైన్ శాస్త్రవేత్త ఎమీల్ పేనో చెప్పిందీ ఇదే కదా: మడ్డి ఉన్న వైన్‌నే వంపాలి, అదీ పోసేముందే వంపాలి.

కారణం సులువు. తక్కువ గాలి తగిలిన వైన్‌కి గ్లాసులో ఇంకాస్త గాలి ఇవ్వొచ్చు. ఎక్కువ తగిలినదాన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు. సీసాలో వేసిన సల్ఫర్ డయాక్సైడ్‌లో పనిచేసే భాగం ఇన్నేళ్లకి దాదాపు ఖర్చయిపోయి ఉంటుంది. కుర్ర వైన్‌కి ఉండే కాపలా దీనికి లేదు. ఎండు గులాబీ వాసన ముందు పోతుంది, తారు తర్వాత. మూడు గంటలు డికాంటర్‌లో ఉంచి "వగరు తగ్గింది" అనేవాళ్లు గులాబీ ఎంత పోయిందో లెక్కపెట్టరు.

కాలిఫోర్నియా కార్కు
మధ్యేమార్గం ఉందిగా. ఫ్రాన్స్‌లో పాత సీసాలు సేకరించే ఫ్రాన్స్వా ఓదూజ్ పద్ధతి: నాలుగైదు గంటల ముందు బిరడా తీసి, వైన్‌ని సీసాలోనే నిలబెట్టి వదిలేయడం. నెమ్మదిగా గాలి తగులుతుంది, దెబ్బ ఉండదు. 1996కైనా 1997కైనా 2000కైనా ఇదే చేస్తే సరిపోతుంది.

లాబ్ కోటు
అంకెలు చూద్దాం. సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. అంటే గాలి తగిలే వైశాల్యం 2.7 చదరపు సెంటీమీటర్లు, మన పాత రూపాయి బిళ్ల కంటే చిన్నది. 20 సెం.మీ. వెడల్పు డికాంటర్‌లో అది 314, వంద రెట్లకు పైనే. మూతి దగ్గర కదలకుండా ఉన్న వైన్‌లోకి ఆక్సిజన్ విస్తరణ ద్వారా మిల్లీమీటర్ల లెక్కన దిగుతుంది, నాలుగు గంటల్లో అడుగు దాకా పోదు. కాబట్టి బిరడా తీసి వదిలేస్తే ఆక్సిజన్ పరంగా జరిగేది బహు స్వల్పం.

ఇక వంపడం. 20 డిగ్రీల దగ్గర వైన్‌లో పట్టే ఆక్సిజన్ లీటరుకి సుమారు 8 మి.గ్రా., అంటే సీసాకి 6. ఎత్తు నుంచి ధారగా పోస్తే ఆ పరిమితిలో మంచి భాగం ఆ నిమిషంలోనే ఎక్కేస్తుంది. ఆ తర్వాత డికాంటర్‌లో కూర్చోబెట్టడం దానికి అదనం.

అలా ఎక్కిన ఆక్సిజన్ టానిన్‌ని మూడు గంటల్లో మెత్తబరచదు. ఫినాల్‌లతో దాని చర్య ఇనుము, రాగి అయాన్ల సాయంతో నెమ్మదిగా, రోజుల లెక్కన సాగుతుంది. గంటల్లో మారేది ముఖ్యంగా వాసన: హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి తేలిక వాయువులు ఎగిరిపోతాయి, మిగిలిన కొంచెం కార్బన్ డయాక్సైడ్ పోయి నాలుక మీద పొడుచుకోవడం తగ్గుతుంది. వగరు తగ్గిందనే భావన చాలామటుకు అక్కడిదే. రెండో కారణం, వైన్ 14 నుంచి 18 డిగ్రీలకు వేడెక్కి ఉండటం. చల్లగా ఉన్నప్పుడు టానిన్ ఎప్పుడూ గరుకే.

కాలిఫోర్నియా గారూ, 1997, 2000 వేడి సంవత్సరాలు. ద్రాక్ష బాగా పండి పులుపు తగ్గింది. వాటిని 1996తో సమంగా చూడకండి, అవి గ్లాసులోనే వేగంగా దిగజారతాయి.

పాత పీపా
లాబ్ కోటు గారూ, మీ అంకెలతో పేచీ లేదు, వాటి నుంచి తీసిన తీర్పుతోనే. "స్వల్పం" అంటే "వృథా" కాదు. ఓదూజ్ పద్ధతిలో బిరడా తీశాక 60 నుంచి 80 మి.లీ. తీసేశారనుకోండి. అప్పుడు మట్టం మెడ దాటి భుజంలోకి దిగి, పైవైశాల్యం ఏడెనిమిది రెట్లు పెరుగుతుంది. బిరడా కింద ముప్పై ఏళ్లు ఇరుక్కున్న కంపు పోవడానికి అది చాలు. పైగా 2కి తీస్తే సీసా మంచిదో చెడ్డదో 2కే తెలుస్తుంది. చెడిందని 8కి తెలిస్తే ఆరుగురి ముందు ఏం చేస్తారు?

వగరు పిందె
ముందు తీసి పరీక్షించాలనడం న్యాయమే, దానికి అడ్డు చెప్పను. 5కల్లా డికాంటర్‌లోకి అని మీరు పెట్టిన ముహూర్తమే నా అభ్యంతరం. వైన్ నోట పెట్టకముందే ఆ టైము ఎక్కడి నుంచి వచ్చింది?

గాజు గ్లాసు
అయితే 2కి తీసిన ఆ గుక్కలో ఏం వెతకాలో చెప్పుకోవాలి, లేకపోతే పరీక్షకి అర్థం లేదు.

తడి గోనెసంచి, బూజు పట్టిన అట్టపెట్టె వాసన అంటే బిరడా దోషం, టీసీఏ. ఎంత గాలి ఇచ్చినా పోదు, అరగంటలో ఇంకా బయటపడుతుంది. ఆశ వదులుకోండి. కుళ్లిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన అయితే కంగారు వద్దు, గాలితో తగ్గేది అదే. కొంచెం గోళ్ల రంగు తుడిచే ద్రావణం ఘాటు పాత బరోలోల్లో మామూలు, గ్లాసు తిప్పితే వెనక్కి తగ్గాలి. తగ్గకుండా పెరిగితే ఆ సీసాని వెంటనే తాగేయాలి.

కోసి ఉంచిన యాపిల్ ముక్క, దాని వెనకే మెంతుల వాసన వచ్చిందా, అది ఆక్సీకరణ. మెంతుల వాసనకి మూలమైన సోటోలాన్ పదార్థమే ఆక్సిజన్ పడ్డ వైన్‌లోనూ తయారవుతుంది. ఈ విషయంలో మన ముక్కులు ఇటలీ వాళ్ల కన్నా ముందుంటాయి, ఆవకాయ పుణ్యమా అని. మెంతి తగిలిన సీసాని డికాంటర్ దరిదాపుల్లోకి తీసుకెళ్లొద్దు.

బాగున్న సీసా ఎలా ఉంటుందంటే: మొదట తారు, తోలు. తర్వాత ఎండు గులాబీ, అతిమధురం, ఎండబెట్టిన చెర్రీ, ఒక్కోసారి కర్పూరం లాంటి చల్లదనం. నోట్లో పులుపు నిలబడి ఉండాలి. వగరు చిగుళ్ల మీద సన్నటి పొడిలా పరుచుకోవాలి, పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుకని పట్టేయకూడదు. చేదుకీ వగరుకీ తేడా చెప్పడానికి తెలుగువాళ్లకి వేరే పాఠం అక్కర్లేదు. చేదు ఎక్కువైందంటే అనుమానించాల్సింది టానిన్‌ని కాదు, కదిలిన మడ్డిని.

ఇంకోటి, ఆ గదిలో అగరుబత్తి, మల్లెపూలు, ఇంగువ పోపు ఉండకూడదు. గ్లాసులకి గిన్నెల సబ్బు వాసన ఉండకూడదు.

బిరడా డాక్టరు
వాదన అంతా గాలి చుట్టూ తిరుగుతోంది. శనివారం పాడయ్యేది గాలి వల్ల కాదు, మడ్డి వల్ల.

నెబ్బియోలో మడ్డి ముతక రవ్వలా ఉండదు, పసుపు పొడిలా సన్నంగా ఉంటుంది. కదిలితే తేరుకోవడానికి రోజులు పడుతుంది. నీళ్లయితే చిల్లగింజ అరగదీసి తేరుస్తాం, దీనికి ఓపికే చిల్లగింజ. సీసాని ఈ రోజే నిలబెట్టండి. 24 గంటలు చాలంటారు, బరోలోకి చాలదు. నాలుగైదు రోజులు కావాలి, వారమైతే ఇంకా మేలు. ఫ్రిజ్‌లో నిలువు జాగా లేకపోతే ఒక అర తీసేయండి. తలుపు టపటపా వేయకండి.

బిరడా మీద చుట్టిన రేకుని మూతి పెదవి కింద దాకా కోసి తీసేయండి. పైన నల్ల బూజు ఉంటే భయం లేదు, తడిగుడ్డతో తుడవండి. జిగటగా కారిన మరక బిరడా పక్క నుంచి కిందికి ఉంటేనే ఎప్పుడో వేడి తగిలిందని అనుమానం. వేడెక్కిన వైన్ ఎంత ఉబ్బుతుందో చూడండి: 15 నుంచి 35 డిగ్రీలకి పోతే 750 మి.లీ. వైన్ సుమారు 4 మి.లీ. పెరుగుతుంది. మెడలో అది ఒకటిన్నర సెంటీమీటరు మట్టం. బిరడాని తోసేది అదే.

మామూలు స్క్రూ ఓపెనర్ ముప్పై ఏళ్ల బిరడా నడుమ గుంత చేసి వచ్చేస్తుంది. రెండు రేకుల ఓపెనర్ వాడండి. పొడుగు రేకు ముందు దించి, అటూ ఇటూ ఊపుతూ రెండోది దించి, తిప్పుతూ లాగాలి. బిరడా వదులుగా ఉంటే మాత్రం ఇదే దాన్ని లోపలికి తోసేస్తుంది. అప్పుడు ముందు స్క్రూ ఎక్కించి, దాని మీదుగా రెండు రేకులూ దించే జంట పరికరం కావాలి, డ్యురాండ్ లాంటిది. ఇదంతా సీసా నిలబడి ఉండగానే, బల్ల మీదే.

వంపేటప్పుడు మెడ కింద ఫోన్ టార్చి. ఒకే ధార, మధ్యలో ఆపి సీసా నిలబెట్టకూడదు. నిలబెట్టారా, మడ్డి అంతా ఒక్కసారి లేస్తుంది. భుజం దగ్గర పొగలా నల్లటి తీగ కనపడగానే ఆపేయండి. 40 నుంచి 60 మి.లీ. వదులుకోవడమే. టీ జల్లెడ బిరడా ముక్కల్ని పడుతుంది, ఈ మడ్డిని పట్టదు. కాఫీ ఫిల్టర్ కాగితం పడుతుంది కానీ కాగితం వాసన అంటిస్తుంది.

పాత పీపా
మడ్డి విషయంలో డాక్టరు గారికి దండం. అయితే గమనించారా, ఒకే ధారలో వంపాలంటే 2కి ఒకసారి గుక్క తీసి మళ్లీ 5కి వంపడం కుదరదు, వంచి నిలబెడితే మడ్డి లేస్తుంది కదా. నా లెక్కలో ఉన్న చిక్కు ఇది, ఒప్పుకోవాలి.

బిరడా డాక్టరు
చిక్కేం లేదు. వంచకుండా తీయండి. సూది లేని పెద్ద సిరంజికి సన్నటి ఫుడ్ గ్రేడ్ గొట్టం తగిలించి పైనుంచి 40 మి.లీ. లాగేయొచ్చు. లేదా శుభ్రమైన గాజు పిపెట్. సీసా కదలదు.

కాలిఫోర్నియా కార్కు
డబుల్ డికాంట్ చేస్తే? జగ్గులోకి వంపి, సీసా కడిగి, మళ్లీ అందులోకే.

లాబ్ కోటు
మడ్డికి మంచిదే. కానీ రెండుసార్లు ధార అంటే గాలి రెండు మోతాదులు. సున్నితంగా చేస్తున్నామనుకుని అందరికన్నా ఎక్కువ ఆక్సిజన్ ఎక్కించేది ఈ పద్ధతే. 1983లో తండ్రిగారి పాత పీపాలను రంపంతో కోసిన బరోలో తయారీదారు ఎలియో ఆల్తారే దారిలో బారిక్‌లో పెరిగిన 1996లు కొన్ని దీనికి తట్టుకుంటాయేమో, సీసా సీసాకీ తేడా. మీది కుళాయి నీళ్లతో కడగొద్దు, క్లోరిన్ ఉంటుంది. మినరల్ వాటర్ వాడండి.

చలిమర
నా శనివారం ఇలా ఉంటుంది. సీసా ఇవాళే నిలబెట్టేశాను. శనివారం 4కి ఫ్రిజ్ పక్కనే బిరడా తీసి, సిరంజితో 40 మి.లీ. తీసి రుచి. గోనెసంచి అయితే వేరే సీసా. మెంతి తగిలితే బిరడా తిరిగి పెట్టేసి, 8కి వంపి వెంటనే పోసేయడం. మూసుకుపోయి, వగరుగా, గుడ్డు కంపుతో ఉంటే 5:30కి ఇరుకు డికాంటర్‌లోకి, మళ్లీ ఫ్రిజ్‌లో. గులాబీ అప్పటికే విచ్చి ఉంటే 7:45 దాకా ముట్టుకోను. పోసేటప్పుడు 15 డిగ్రీలు, మా ఇంట్లో గది 28 కాబట్టి గ్లాసులో అదే 17కి వస్తుంది.

వగరు పిందె
నాకు అభ్యంతరం లేదు. గ్లాసుల లెక్క కూడా వేసుకోండి: 750లో పరీక్షకి 40, మడ్డికి 50 పోతే 660, ఆరుగురికి తలా 110. ఒక్కసారే పోయొద్దు. 8కి 55, 8:45కి 55. ఆ రెండో 55 మొదటిదానికన్నా బాగుంటే పాత పీపా గారు గెలిచినట్టు, గులాబీ పోతే నేను.

పాత పీపా
సరే. ఫలితం ఆదివారం ఇక్కడే రాయండి, ఎంత డిగ్రీల దగ్గర పోశారో కూడా.