పిల్లలతో, అత్తయ్యతో క్రీట్ ద్వీపం: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి?

ఇద్దరు పిల్లల అమ్మ (రెడింగ్, యూకే)

నమస్తే అండి. వచ్చే ఏడాది గ్రీస్‌లోని క్రీట్‌కి ఒక వారం వెళ్దామనుకుంటున్నాం. బాబుకి ఏడేళ్లు, పాపకి మూడు. మా అత్తయ్య ఏప్రిల్‌లో రాజమండ్రి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. ఆవిడని కూడా తీసుకెళ్లాలని మా ఆయన పట్టుదల, నాకూ ఇష్టమే. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు ఎక్కలేరు. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే.

స్కూల్ సెలవులు చూస్తే మే చివరి వారం, లేదా జూలై-ఆగస్టు, లేదా అక్టోబర్ చివరి వారం. మా ఆయన వేసిన ప్లాన్ ఇది: హెరాక్లియన్‌లో దిగి నోసోస్ ప్యాలెస్, మర్నాడు స్పినాలోంగా, తర్వాత రెథిమ్నో, హానియా, బాలోస్, ఎలాఫోనిసి, ఆఖర్న సమరియా లోయ. దాదాపు రోజుకో హోటల్. పాప కారెక్కితే అరగంటలో వాంతి చేసుకుంటుంది. ఆ ప్లాన్ చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? అత్తయ్య భోజనం సంగతేంటి?

వీసా ఫైలు

ముందు వీసా తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. మీ నలుగురూ యూకేలోనే షెంగెన్ వీసాకి (గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) అప్లై చేయొచ్చు. మీ అత్తయ్యగారు మాత్రం విజిటర్‌గా వస్తున్నారు కదా, ఆవిడది ఇండియాలోనే వేయించండి. మామూలుగా ఎవరు ఏ దేశంలో నివాసం ఉంటే అక్కడే అప్లై చేయాలి. విజిటర్‌గా ఉండి వేస్తే అక్కడెందుకు వేస్తున్నారో కారణం చూపించాల్సి వస్తుంది.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లికేషన్ తీసుకుంటారు. పెద్దవాళ్లకి 90 యూరోలు, మీ బాబుకి 45, పాపకి ఫీజు లేదు. సర్వీస్ ఛార్జీ వేరే ఉంటుంది. ఇన్సూరెన్స్‌లో వైద్యానికి కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. ఆవిడ రావడం ఏప్రిల్‌లో కాబట్టి జనవరిలోనే మొదలుపెట్టించండి.

గోదారి అబ్బాయి (మ్యూనిక్)

మాకు బవేరియాలో పెంతెకొస్తు పండగకి రెండు వారాల సెలవులిస్తారు. ఆ సెలవులకి పిల్లల్ని తీసుకుని క్రీట్‌కే వెళ్తుంటాం. మీవారు రాసిన చోట్లన్నీ బంగారం లాంటివే, కానీ చిన్నపిల్లలతో, అత్తయ్యగారితో ఒక్క వారంలో కుదరవు. మ్యాపులో సన్నగా కనిపించే ఈ ద్వీపం తూర్పు నుంచి పడమరకి సుమారు 260 కిలోమీటర్లు. హెరాక్లియన్ నుంచి హానియా వెళ్లడానికే రెండున్నర గంటలు పడుతుంది. అందుకని పడమటి వైపు ఒక్కటే పెట్టుకోండి. హానియా విమానాశ్రయంలో దిగండి, వంటిల్లున్న అపార్ట్‌మెంట్ ఒకటి, కింది అంతస్తులో, వారమంతా తీసుకోండి. పొద్దున లేవగానే సామాన్లు సర్దే పని లేకపోతే పిల్లల సెలవు పిల్లలకి దక్కుతుంది.

బీచ్‌ని ఫొటో చూసి కాదు, గాలి చూసి ఎంచుకోండి. వేసవిలో, ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో, ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఉత్తర తీరంలో బార్లా తెరుచుకుని ఉన్న బీచ్‌లకి ఆ రోజుల్లో అలలు గట్టిగా కొడతాయి. మూడేళ్ల పాపకి అది నీళ్లాట కాదు, భయం. హానియాకి పడమర పక్కనే ఉన్న అగియి అపోస్టోలి చిన్న చిన్న ఒంపుల్లో ఉంటుంది, నీళ్లు లోతు తక్కువ, వెనక చెట్ల నీడ. అత్తయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. సూదా అఖాతం వైపున్న మరాథి, ఇటు అల్మిరిదా కూడా అలాంటివే.

దక్షిణ తీరానికి వెళితే ఇంకో జాగ్రత్త. అక్కడ సముద్రం అద్దంలా కనబడుతుంది, కానీ అదే ఉత్తరపు గాలి కొండల మీంచి దిగి ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. ప్లాకియాస్‌లో మా పక్కవాళ్ల గాలి పరుపు పిల్ల దిగిన మరుక్షణం లేచి, నీళ్ల మీద దొర్లుకుంటూ పోయింది. మంచి ఈతగాడు కూడా దాన్ని అందుకోలేకపోయాడు. పిల్ల దాని మీద ఉండుంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గాలి పరుపులు, గాలి బొమ్మలు దక్షిణంలో నీళ్లలోకి తీసుకెళ్లనే వద్దు. ఎర్ర జెండా ఉంటే ఎక్కడైనా దిగొద్దు.

ఎలాఫోనిసి మాత్రం వదలకండి. గులాబీ ఛాయ ఇసుక, మోకాలి లోతు నీళ్లు, పిల్లలకి అంతకంటే ఏం కావాలి! హానియా నుంచి 75 కిలోమీటర్లే అయినా తొపోలియా కనుమ దగ్గర మెలికల రోడ్డు, గంటన్నర పైనే పడుతుంది. పాపకి ఖాళీ కడుపు కాకుండా ఒక రస్కు ముక్క పెట్టి పొద్దున ఏడున్నరకే బయల్దేరండి, మధ్యలో ఒకచోట ఆపండి. పదిన్నర దాటితే జనం నిండిపోతారు. అక్కడి ఇసుక తీసుకురావడం నిషిద్ధం, బాబుకి ముందే చెప్పి ఉంచండి.

బాలోస్ బీచ్ తీసేయండి. కారులో వెళ్తే మట్టిరోడ్డు, ఆపైన మెట్లు. కిస్సమోస్ నుంచి పడవలో వెళ్తే పాప కడుపు ఊరుకోదు. నోసోస్ కూడా ఈసారికి వద్దు, రానూపోనూ రోజంతా పోతుంది, నీడ తక్కువ. బదులుగా హానియాలోనే హలెపా అనే పేటలో 2022లో తెరిచిన పురావస్తు మ్యూజియం చూడండి, చల్లగా ఉంటుంది. అక్కడ మినోవన్ కాలపు వస్తువులు (కథల్లోని మినోస్ రాజు పేరు మీద వచ్చిన పేరు) చూపిస్తూ ఎద్దు తల రాక్షసుడి కథ చెప్పండి, బాబు వదలడు. కలివెస్ దగ్గర కొండ మీద ఆప్తెరా అనే పాత నగరం శిథిలాలున్నాయి. రోమన్ల కాలపు పెద్ద నీటి తొట్లు, పైన కమానులు. మా చిన్నది లోపల నిలబడి "అమ్మమ్మా!" అని అరిస్తే గోడలన్నీ అమ్మమ్మని పిలిచాయి. దాన్ని బయటికి తీసుకురావడానికి ఐస్‌క్రీమ్ చూపించాల్సొచ్చింది.

ఇక నెల. నన్నడిగితే మే చివరి వారమే. నీళ్లు 20, 21 డిగ్రీలుంటాయి, పిల్లలకి పొట్టి చేతుల వెట్‌సూట్ కొంటే సరిపోతుంది. ఆగస్టు ఎండ అత్తయ్యగారికి కష్టం. 2025 జూలై మొదట్లో ఇయెరపెట్రా దగ్గర కార్చిచ్చుకి వేలమందిని ఖాళీ చేయించారు. ఎప్పుడు వెళ్లినా ఫోన్‌లో 112 (అక్కడి అత్యవసర నంబరు) హెచ్చరికలు వచ్చేలా ఉంచుకోండి. అక్టోబర్ చివర్లో సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, కానీ బీచ్ హోటళ్లు చాలావరకు మూసేస్తుంటారు, వానలు కూడా పడొచ్చు.

పప్పుచారు

భోజనం గురించి నేను చెప్తాను, మా అమ్మ కూడా అచ్చం మీ అత్తయ్యగారిలాగే. క్రీట్‌లో శాకాహారికి లోటు లేదండి. ఫావా అడగండి, పసుపు బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. అమ్మ దాన్ని అన్నంలో కలుపుకుని నిమ్మకాయ పిండుకుని తిన్నది. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర. బ్రియామ్, ఓవెన్‌లో చేసిన కూరగాయలు. గెమిస్తా, అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికమ్‌లు. దీంట్లో కొన్నిచోట్ల ఖీమా కలుపుతారు, అడక్కుండా తినిపించొద్దు. వాళ్ల ఉపవాస వంటని నిస్తీసిమో అంటారు, అందులో మాంసం, గుడ్డు, పాలు ఉండవు. కానీ ఆక్టోపస్, రొయ్యలు ఉండొచ్చు, కాబట్టి చేపలూ రొయ్యలూ వద్దని విడిగా చెప్పండి. పిల్లలకి పెరుగు, తేనె చాలు.

ముఖ్యమైనది: యూకే నుంచి నెయ్యి, పెరుగు, చీజ్ శాండ్‌విచ్ తీసుకెళ్లకూడదు. పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి రానివ్వరు. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. పచ్చి కరివేపాకూ వద్దు. చిన్న రైస్ కుక్కర్, చారు పొడి, ఆవకాయ చాలు, బియ్యం, పప్పు అక్కడ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి.

ఇద్దరు పిల్లల అమ్మ (రెడింగ్, యూకే)

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, సగం బరువు దిగింది. మే చివరి వారం, అగియి అపోస్టోలి దగ్గర ఒకే ఇల్లు, ఖాయం చేశాం. రాజమండ్రికి కూడా ఫోన్ చేసి పాస్‌పోర్టు తేదీలు కనుక్కున్నాం. మా ఆయన అన్నిటికీ ఒప్పుకున్నారు, సమరియా ఒక్కటే వదలనంటున్నారు. మేం బీచ్‌లో ఉంటాం, ఒక్కరే వెళ్లొస్తారట. కారులో వెళ్లొచ్చా?

గోదారి అబ్బాయి (మ్యూనిక్)

వెళ్లనివ్వండి, నడిచేవాళ్లకి అది జన్మలో ఒకసారి చూడాల్సిన చోటు. కారు మాత్రం వద్దు. ఒమాలోస్ దగ్గర పైన మొదలై, సుమారు 16 కిలోమీటర్లు దిగితే అగియా రూమెలి అనే ఊళ్లో తేలతారు. ఆ ఊరికి రోడ్డు లేదు. అక్కడి నుంచి పడవలో సౌగియాకో, హోరా స్ఫాకియోన్‌కో వచ్చి బస్సు పట్టుకోవాలి. కారు ఒమాలోస్‌లో పెడితే కొండకి అవతలే ఉండిపోతుంది. హానియా నుంచి తెల్లవారే బస్సుంటుంది. వాన పడితే లోయ మూసేస్తారు, అందుకని వారం మొదట్లోనే పెట్టుకోమనండి, ఒకరోజు అటూఇటూ అయినా కుదురుతుంది.