అప్‌డేట్: మా ఊరి పిన్ కోడ్ విషయం తేలింది

శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా మత్స్యకార గ్రామానికి, అమ్మ ఆధార్‌లో ఒక పిన్, బ్యాంకు పాస్‌బుక్కులో మరొకటి ఉన్నాయని, ఏది సరైనదని గత నెల అడిగాను. మా బ్రాంచి పోస్టుమాస్టరు గారిని కలిస్తే, పిన్ ఊరికి కాక ఉత్తరాలు బట్వాడా చేసే తపాలా కార్యాలయానికి ఇస్తారని, అందుకే చుట్టుపక్కల పల్లెలన్నింటికీ ఒకటే సంఖ్య ఉంటుందని ఓపికగా వివరించారు. 532 వరకు మా వైపు అంతా ఒకటే. చివరి మూడు అంకెలే బట్వాడా కార్యాలయాన్ని చెబుతాయి. పాస్‌బుక్కులోనిది మండల కేంద్రం పిన్, ఆధార్‌లోనిదే మా ఊరికి సరైనది.

చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన తమ్ముడు పంపిన కవరు మీద కూడా ఆ తప్పు అంకెలే ఉండగా, ఎవరో ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన సరైనవి రాశారు. ఆ చేతికి నిజంగా రుణపడి ఉన్నాను. పాస్‌బుక్కు సవరణకు నిన్ననే దరఖాస్తు ఇచ్చాము.