బండి లేకుండా గోదావరి సముద్రంలో కలిసేచోట నడవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

నడకదారి:
నమస్కారం అండి. మేం హైదరాబాద్‌లో ఉంటాం, మాకు కారు లేదు. మా నాన్నగారికి 64 ఏళ్ళు, రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తారు, మోకాళ్ళు గట్టివే. ఆయన చిన్నప్పుడు భద్రాచలంలో గోదావరి చూశారు, అప్పట్నుంచీ "ఇది సముద్రంలో కలిసేచోటు ఒక్కసారి చూడాలిరా" అంటుంటారు. సంక్రాంతి హడావిడి అయ్యాక నాకు మూడు రోజులు సెలవు దొరుకుతోంది, ఈసారి తీసుకెళ్ళి తీరాలని అనుకున్నాను. రైలు, ఆర్టీసీ బస్సు, తప్పకపోతే షేర్ ఆటో, ఇంతవరకే. బీచ్‌లో ఫొటో దిగి వెనక్కి వచ్చేయడం కాదు, ఇసుకలోనో గట్టుమీదో రెండు మూడు గంటలు నెమ్మదిగా నడవాలి. ఎక్కడ వెతికినా కారు ప్యాకేజీలే కనిపిస్తున్నాయి. అంతర్వేది, కోరింగ, యానాం, భీమిలి అని పేర్లు విన్నాను. ఎక్కడికి ముందు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

వశిష్ఠ ఒడ్డు:
మాది నరసాపురం అండి. మీ నాన్నగారి కోరిక అదే అయితే ఇంకేం ఆలోచించకండి, అంతర్వేదికి వెళ్ళండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది కదా, ఆ వశిష్ఠ మా ఊరి పక్కనుంచి పోయి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. హైదరాబాద్ వైపు నుంచి రాత్రి రైలు ఎక్కితే పొద్దున్నకి నరసాపురంలో ఉంటారు. లైనుకి ఇదే ఆఖరి స్టేషన్, నిద్రలో ఊరు దాటిపోతుందన్న టెన్షన్ ఉండదు.

స్టేషన్ నుంచి ఆటోలో గోదావరి రేవుకి రండి. అక్కడ పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. నన్నడిగితే ఈ ప్రయాణంలో సగం అందం పంటు మీదే ఉంది. ముందు బైకులూ ఆటోలూ ఎక్కించి, మిగిలిన సందుల్లో మనుషులు నిలబడతారు, పాలక్యాన్లూ కూరగాయల బుట్టలూ బడికెళ్ళే పిల్లలూ అందరూ ఒకే చెక్కల మీద. మీరు ఎక్కగానే రెయిలింగ్ పక్కకి వెళ్ళి నాన్నగారిని సముద్రం వైపు చూస్తూ నిలబడమనండి. ఇక్కడ నది ఎంత వెడల్పుగా ఉంటుందంటే, భద్రాచలంలో చూసిన గోదావరి ఇదేనా అనిపిస్తుంది. జనవరిలో అయితే పొద్దున్నే మంచు కమ్మి అవతలి ఒడ్డు కనపడని రోజులు కూడా ఉంటాయి, అలాంటప్పుడు మంచు విడిచేదాకా పంటు ఆగొచ్చు, కంగారు పడకండి.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి బస్సు ఉంటుంది, బస్సు కోసం ఆగలేకపోతే షేర్ ఆటో. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, అక్కడే టిఫిన్ తిని, నీళ్ళు కొనుక్కుని నడక మొదలుపెట్టండి. గుడి దాటి ముందుకెళ్తే నీడ దొరకదు. సరుగుడు తోటల పక్కగా సముద్రం ఒడ్డుకి చేరాక లైట్‌హౌస్ కనపడుతుంది, దాన్ని గుర్తు పెట్టుకుంటే ఎంత దూరం వెళ్ళినా వెనక్కి దారి తెలుస్తుంది. నది కలిసేచోటుని మావాళ్ళు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. గట్టుకి ఒకవైపు గోదావరి మట్టిరంగు నీళ్ళు, ఒకవైపు సముద్రం. అలలు ఒకవైపు నుంచి వచ్చి పడుతుంటే నది ప్రవాహం ఇంకోవైపు నుంచి వచ్చి వాటిని తోస్తుంటుంది, మధ్యలో నీళ్ళు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. అక్కడ కూర్చుని చూడండి కానీ స్నానానికి మాత్రం దిగొద్దు. నది సముద్రంలో కలిసేచోట అడుగున లాగుడు ఎటుందో పైనుంచి తెలియదు, బాగా ఈత వచ్చినవాళ్ళకైనా ప్రమాదమే.

ఇంకొకటి, ఇది నా అనుభవం కాబట్టి గట్టిగా చెప్తున్నాను. రెండేళ్ళ కిందట మా బావతో పొద్దున్న ఒడ్డు వెంబడి నడుచుకుంటూ వెళ్ళాను. దారిలో ఒక చిన్న పాయ అడ్డం వచ్చింది, చీలమండ లోతు నీళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకుని దాటేశాం. రెండు గంటల తర్వాత వెనక్కి వచ్చేసరికి అదే పాయ తొడల దాకా ఉంది, పైగా కాళ్ళకింద ఇసుక జారిపోతోంది. బావ ఫోనూ పర్సూ నెత్తిమీద పెట్టుకుని, ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటాం. చాలా భయపడ్డాం. అంతా మా తప్పే, పోటు, అంటే సముద్రం నీళ్ళు పైకెక్కే సమయం, తెలుసుకోకుండా బయల్దేరాం. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు (నీళ్ళు దిగడం), ప్రతిరోజూ ముందురోజు కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్ళని "పోటు ఎప్పుడండీ" అని అడిగితే ఆకాశం చూసి చెప్పేస్తారు. నీళ్ళు దిగుతున్నప్పుడు నడక మొదలుపెడితే రెండు లాభాలు: పాయలు అడ్డం రావు, తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ మీద భారం పడదు. పొడి ఇసుకలో నాలుగు అడుగులు వేస్తే రెండు అడుగులు వెనక్కి జారినట్టే.

మడచెట్టు:
పైన చెప్పింది నిజం, గోదావరి కలిసేచోటు కావాలంటే అంతర్వేదే. కానీ మూడు రోజులున్నాయి కదా, ఒకరోజు కోరింగకి ఇవ్వండి. నేను కాకినాడలో ఉంటాను, మా అమ్మని నాలుగైదుసార్లు తీసుకెళ్ళాను, ప్రతిసారీ బస్సులోనే. కాకినాడలో యానాం వెళ్ళే బస్సు ఎక్కి కోరింగ అభయారణ్యం దగ్గర ఆపమని కండక్టర్‌కి ముందే చెప్తే రోడ్డు మీద దింపుతారు.

కోరింగలో సముద్రం కనిపిస్తుందని అనుకుని వెళ్ళి నిరాశపడేవాళ్ళు ఉన్నారు. అక్కడ చూడాల్సింది ఉప్పుబురదలో పెరిగే మడ అడవి. చెట్ల మధ్యలోంచి చెక్కలతో వేసిన వంతెన మీద నడుస్తూ వెళ్తారు, ఎత్తుపల్లాలు లేవు, పెద్దవాళ్ళకి చాలా హాయి. నీళ్ళు దిగినప్పుడే వెళ్ళండి. ఒకసారి మా అమ్మా నేనూ వంతెన అంచున వంగి అరగంట అలా చూస్తూ ఉండిపోయాం. కింద బురదంతా పెన్సిళ్ళు నిలబెట్టినట్టు వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఉప్పుబురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు తన వేళ్ళని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ వేళ్ళ మధ్య వేలెడంత చేపలు, కళ్ళు నెత్తిమీద ఉంటాయి, నీళ్ళు లేకుండానే బురద మీద గెంతుతూ తిరుగుతాయి. ఒకటి వచ్చి ఇంకోదాని బొరియ దగ్గర ఆగగానే లోపలిది రెక్క నిక్కబొడిచి బయటికొచ్చి తరిమేసింది. అమ్మ ఇప్పటికీ ఆ చేప గురించే చెప్తుంది. పోటు వచ్చాక వెళ్తే ఇవేవీ కనిపించవు, వేళ్ళతో సహా అన్నీ మునిగిపోతాయి.

ఈ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు, మనం నడిచేది అందులో ఒక చిన్న మూల మాత్రమే. వర్షం పడిన మర్నాడు చెక్కలు జారతాయి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. తర్వాత అదే రోడ్డున యానాం బస్సు ఎక్కితే గౌతమి ఒడ్డున సాయంత్రం మళ్ళీ ఒక గంట నడవచ్చు.

తేదీలు మాత్రం చూసుకోండి. సంక్రాంతి తర్వాత అంటున్నారు, పుష్య అమావాస్యని ఇక్కడ చొల్లంగి అమావాస్య అంటారు. చొల్లంగి ఇదే రోడ్డు మీద ఉంది, ఆరోజు స్నానాలకి వచ్చే జనంతో బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు.

గోస్తని:
భీమిలి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. విశాఖ నుంచి 900కె బస్సు ఎక్కితే భీమిలిలో దిగొచ్చు, బస్సు దొరకడం అన్నిటికన్నా ఇక్కడే తేలిక. డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్ చూసుకుంటూ గోస్తని నది సముద్రంలో కలిసేచోటుకి నడిచి వెళ్ళిపోవచ్చు. బొర్రా గుహల దగ్గర చూసే నదే ఇది. మంచి నడక, నాకు చాలా ఇష్టం. కానీ ఆయన అడిగింది గోదావరి, కాబట్టి ఇది ఇంకోసారికి దాచుకోండి.

నడకదారి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. నాన్నకి చదివి వినిపించాను, పంటు దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. మొదటిరోజు అంతర్వేది, రాత్రి నరసాపురంలో బస, మర్నాడు కాకినాడ వైపు అనుకుంటున్నాం. రెండు అనుమానాలు. తిరిగి వచ్చేటప్పుడు పంటు ఆగిపోతే ఎలా? అంతర్వేదిలో కూడా జనం ఎక్కువగా ఉండే రోజులు ఉన్నాయా?

వశిష్ఠ ఒడ్డు:
ఉన్నాయండి. మాఘమాసంలో కల్యాణం, భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ తీర్థం (జాతర) చూడాలనుకుంటే తప్పకుండా రండి, జనసముద్రం అంటే ఏమిటో తెలుస్తుంది. కానీ నాన్నగారితో నెమ్మదిగా నడవాలంటే ఆ వారం వదిలేయండి.

పంటు సంగతి: వరదల రోజుల్లో, అంటే జులై నుంచి సెప్టెంబరు మధ్య, గోదావరి పొంగితే ఆపేస్తారు. జనవరిలో ఆ బాధ లేదు. అయినా పొద్దున్న దాటేటప్పుడే రేవులో టికెట్ ఇచ్చేవాళ్ళని ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి, దానికి గంట ముందే రేవుకి చేరేలా వెనక్కి తిరగండి. ఒకవేళ తప్పిపోయినా ఇంకో దారి ఉంది. అంతర్వేది నుంచి రాజోలు బస్సు, రాజోలులో పాలకొల్లు బస్సు ఎక్కితే చించినాడ వంతెన మీదుగా గోదావరి దాటుతారు, పాలకొల్లు నుంచి నరసాపురం దగ్గరే. చుట్టు తిరుగుడే కానీ రాత్రికి గదికి చేరతారు.

బస స్టేషన్‌కి దగ్గర్లోనే చూసుకోండి. మర్నాడు బయల్దేరేముందు ఒక గంట ఉంటే మా చుట్టుపక్కల ఊళ్ళ వీధుల్లో నడవండి, అరుగుల మీద ఆడవాళ్ళు లేసు అల్లుతూ కనిపిస్తారు. దానికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న అధికారిక గుర్తింపు, కూడా వచ్చింది. అమ్మగారికి ఒక టేబుల్ క్లాత్ నేరుగా అల్లినవాళ్ళ దగ్గరే కొనుక్కెళ్ళండి. ఏ తేదీకి వస్తున్నారో ఇక్కడ రాస్తే ఆరోజు పోటు ఎన్నింటికో మా వీధి పడవవాళ్ళని అడిగి చెప్తాను.