కేటీఎం 390 డ్యూక్ బైక్ చైన్‌కి కిరోసిన్ వాడొచ్చా, వాడకూడదా?

నేకెడ్_390:
ఇంట్లో చైన్ క్లీన్ చేసుకునేవాళ్లు చెప్పండి. ఈ బండికి వచ్చేది 520 సైజు ఎక్స్-రింగ్ చైన్. కిరోసిన్ తగిలితే రింగులు పాడైపోతాయని కొందరు, ఏమీ కాదని కొందరు. క్లీనర్ డబ్బా, ల్యూబ్ స్ప్రే డబ్బా కొంటూనే ఉండాలా? 90 గ్రేడు గేర్ ఆయిల్ సరిపోదా?

స్ప్రాకెట్15:
కిరోసిన్ వద్దు బ్రో. ఈ చైన్‌లో పిన్నుకీ బుష్‌కీ మధ్య గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి, రెండు పక్కలా రబ్బరు రింగులతో మూసేస్తారు. మళ్లీ నింపే దారి లేదు. రింగు పోయిందా, ఆ లింకు ఎండిపోయి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు చైన్ ఒక్కటీ మార్చి ఊరుకోలేం, రెండు స్ప్రాకెట్లూ (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) మార్చాలి. క్లీనర్ ఖర్చు దాని ముందు ఎంత?

గ్రీజు_చేతులు:
రింగు పోతే లింకు పోతుందన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం అన్నా. కానీ రింగుని చంపేది కిరోసిన్ కాదు. ఈ రింగులకు మామూలుగా వాడే నైట్రైల్ రబ్బరు నూనెల్ని తట్టుకునే రకం. యమహా మాన్యువల్ చూడండి: ఓ-రింగ్ చైన్‌ని (ఇదీ రబ్బరు రింగుల చైనే) కిరోసిన్‌తో, మెత్తటి చిన్న బ్రష్‌తో కడగమనే ఉంటుంది. అది వద్దనేది స్టీమ్‌ని, ప్రెషర్ వాషర్‌ని, తగని సాల్వెంట్లని. పెట్రోల్, థిన్నర్ మాత్రం ముట్టుకోవద్దు. రబ్బరు ఉబ్బుతుంది, పైగా నిప్పుతో ప్రమాదం. కిరోసిన్ అయినా స్టవ్ దగ్గర, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వద్దు. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పంటుకునే ఉష్ణోగ్రత) 35, 40 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది, మే నెలలో మన దగ్గర ఎండే అంత ఉంటుంది.

చైన్‌ని దగ్గరగా చూస్తే లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య సందులో నల్లటి దారంలా కనిపిస్తుంది, అదే రింగు. ఇనుప బ్రష్ పోచ దాన్ని గీరేస్తుంది. వాటర్ వాష్‌లో గన్ను నేరుగా ఆ సందులోకి పెడితే నీళ్లు, ఇసుక రింగు దాటి లోపలికి పోతాయి.

పద్ధతి ఇదీ. సెంటర్ స్టాండ్ లేదు కాబట్టి ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని పైకి లేపి పట్టే విడి స్టాండ్). టైరుకి అట్టముక్క అడ్డం. 100 మి.లీ. కిరోసిన్ చాలు, నైలాన్ బ్రష్‌తో నాలుగు వైపులా రుద్ది, వెంటనే కాటన్ వేస్ట్‌తో తుడిచెయ్యాలి. చైన్ విప్పి రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టే అలవాటు పాతకాలం రింగుల్లేని చైన్లది, దీనికి పనికిరాదు. పావుగంట ఆరనిచ్చి, కింది వరుస లోపలి వైపు నుంచి ఆయిల్ చుక్కలు వెయ్యాలి. చక్రం తిరిగేటప్పుడు అది బయటికి పాకుతుంది. మిగిలింది తుడిచెయ్యండి.

స్ప్రాకెట్15:
సరే, కిరోసిన్ వరకు ఒప్పుకుంటా. కానీ అదే యమహా మాన్యువల్ ఇంజిన్ ఆయిల్ వద్దు, ఓ-రింగ్ చైన్ ల్యూబే వెయ్యమంటుంది కదా? గేర్ ఆయిల్ ఎక్కడి నుంచి వచ్చింది?

గ్రీజు_చేతులు:
హోండా పాత మాన్యువల్స్‌లో ఓ-రింగ్ చైన్లకే 80 లేదా 90 గేర్ ఆయిల్ అని ఉంటుంది. అయితే దాని తప్పు దానికీ ఉంది. చిమ్ముతుంది. మర్నాడు రిమ్ము మీద, నంబర్ ప్లేటు మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి, వానకి కడుక్కుపోతుంది. స్ప్రే అంటుకుని ఉంటుంది, కానీ మట్టి రోడ్లలో దుమ్మంతా దానికే పట్టి రుబ్బుడు పిండిలా తయారవుతుంది. వానాకాలం స్ప్రే, ఎండాకాలం గేర్ ఆయిల్, 500 కిలోమీటర్లకోసారి. వానలో తడిసి వస్తే ఆ రోజే.

సైడ్_స్టాండ్:
ఆయిల్ మీద ఇంత వాదన జరుగుతోంది, స్లాక్ (చైన్ ఎంత వదులుగా ఉండాలన్నది) ఊసే లేదు. చైన్లు ఎక్కువగా పోయేది బిగుతు వల్ల. వెనక సస్పెన్షన్ దిగేకొద్దీ రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి ఫ్రేముకి కలిసే కీలు), వెనక యాక్సిల్ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు అది గరిష్ఠం. ఖాళీగా నిలబెట్టినప్పుడు బిర్రుగా ఉన్న చైన్, ఇద్దరు ఎక్కి గుంతలో పడితే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్‌ని లాగుతుంది. ముందు స్ప్రాకెట్ వెనక ఆయిల్ చెమ్మ కనబడితే ఇది కూడా అనుమానించాలి.

స్లాక్ మీ మోడల్ మాన్యువల్ చెప్పిన స్టాండ్ మీదే కొలవండి, స్టాండ్ మారితే అంకె మారుతుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతైన చోట సెట్ చెయ్యండి. యాక్సిల్ నట్టు వదులు చేశాక రెండు అడ్జస్టర్లూ పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పాలి. గుర్తులు రెండు వైపులా ఒకేలా లేకపోతే స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కే అరుగుతాయి. నట్టు టార్క్ రెంచ్‌తో బిగించండి.

అరుగుదలకి కేటీఎం లెక్క: పైవరుసకి 10 నుంచి 15 కిలోల బరువు లాగుడు పెట్టి, కింది వరుసలో 18 రోలర్ల పొడవు కొలవాలి. కొత్తది 270 మి.మీ. దగ్గర ఉంటుంది, 272 దాటితే సెట్ మార్చాలి. అది దాటిన చైన్‌కి ఏ ఆయిల్ వేసినా దండగే.

నేకెడ్_390:
చక్రం చేత్తో తిప్పుతూ తుడవడం ఆలస్యం. స్టాండ్ మీద ఫస్ట్ గేర్‌లో వదిలి గుడ్డ పట్టుకుంటే?

గ్రీజు_చేతులు:
ఒద్దు తమ్ముడూ, ఎంత నెమ్మదిగా తిరిగినా ఒద్దు. గుడ్డ దారం పంటికి పట్టిందంటే గుడ్డతో పాటు వేళ్లు చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్యకి పోతాయి, క్లచ్ పట్టే టైం ఉండదు. ఇంజిన్ ఆఫ్, న్యూట్రల్, తాళం జేబులో. చేత్తోనే తిప్పు.